యాష్‌ట్రే లేని బల్ల

తెలుగునాట సందుగొందులలో పెరిగిన యాత్రికునికి చండీగఢ్ నగరం మొదట కొంత నిరాశ కలిగిస్తుంది. ఇక్కడ దారి తప్పి తిరిగే సుఖం లేదు. పేటలకు పేర్లకు బదులు అంకెలు. ఒక్కొక్క సెక్టారు సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు. 1950 దశకంలో ఈ నగరానికి రూపకల్పన చేసిన లె కార్బూజియే దానిని మానవ దేహంగా ఊహించాడు. శివాలిక్ కొండల వైపున ఉన్న శాసనసభ, సచివాలయ, ఉన్నత న్యాయస్థాన భవనాలు శిరస్సు. 17వ సెక్టారులోని వ్యాపార కేంద్రం హృదయం. నగరం నడుమ సాగే లీజర్ వ్యాలీ, పచ్చిక బయళ్లు ఊపిరితిత్తులు. ఊపిరితిత్తులను ఇంత శ్రద్ధగా గీయించుకున్న ఈ నగరమే 2007 జూలైలో దేశంలో మొట్టమొదటి పొగరహిత నగరంగా ప్రకటితమైంది.

ఆ గౌరవం ఈ నగరానికి దక్కడంలో ఒక విచిత్రం ఉన్నది. చండీగఢ్ రెండు రాష్ట్రాలకు రాజధాని. పొగాకు విషయంలో ఆ రెండు రాష్ట్రాల సంప్రదాయాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. పంజాబులో సిక్కు ఖాల్సా దీక్ష పుచ్చుకున్నవారికి పొగాకు నిషిద్ధం. హర్యానా పల్లెలలోనో, రచ్చబండ వద్ద హుక్కా లేనిదే మాట సాగదు. వచ్చినవానికి హుక్కా గొట్టం అందించడం మర్యాద. కులం నుండి వెలివేసినవానికి ‘హుక్కా పానీ బంద్’ అంటారు. పొగను పాపమనే ఇల్లూ, పొగను ఆతిథ్యమనే ఇల్లూ ఒకే సచివాలయ భవనంలో బల్లలు వేసుకొని పని చేస్తున్నాయన్నమాట. ఆ భవనం పొడవు 254 మీటర్లు. అంతటి భవనంలో పొగ ఏ గదిలో పుట్టి ఏ గదికి చేరునో చెప్పగలవారెవరు?

చట్టాలకు కొదవ లేదు. ఢిల్లీ రాష్ట్రం 1996లోనే బహిరంగ స్థలాల ధూమపానాన్ని నిషేధిస్తూ శాసనం చేసింది. కేరళ హైకోర్టు 1999లోను, మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2001లోను అదే దారిన తీర్పులిచ్చాయి. 2003లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఆఫీసులలో పొగ యథాప్రకారం లేస్తూనే ఉండినది. చండీగఢ్‌లో ఆ చట్టాన్ని తట్టి లేపినది పోలీసు లాఠీ కాదు, కాగితం. హేమంత్ గోస్వామి అనే పౌరుడు, ఆయన నడిపిన బర్నింగ్ బ్రెయిన్ సొసైటీ, 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టాన్ని చేతబట్టి, ధూమపాన నిషేధం మీ శాఖలో ఏ మేరకు అమలవుతున్నదని కార్యాలయాలకు అర్జీల మీద అర్జీలు పెట్టారు. అర్జీకి జవాబు వ్రాయవలసినవాడు, వ్రాసే ముందు తన వరండా ఒకసారి చూచుకోక తప్పదు. పరిపాలనా యంత్రాంగం వారితో చేయి కలిపింది.

మన కార్యాలయాలలో యాష్‌ట్రేకు ఒక చరిత్ర ఉన్నది. పిలుపు గంట, గాజు పేపర్ వెయిట్, దాని పక్కన యాష్‌ట్రే: ఈ మూడూ ఉన్న బల్ల దొరగారి బల్ల. గుమాస్తా ఫైలు పట్టుకొని నిలబడితే, అధికారి పొగ వదలి గాని సంతకం చేసేవాడు కాదు. పొగ గుమాస్తా ముఖానికి తగిలేది. అది ఊపిరితిత్తుల సమస్య అని అప్పుడెవరూ అనుకోలేదు, ఉద్యోగ ధర్మమనుకున్నారు. ఇతరుల పొగ పీల్చిన కారణంగా ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనలు సరిగా ఆ బల్లమీదనే చేయి వేశాయి. పనిచేసే చోటు కూడా బహిరంగ స్థలమేనన్నాయి. ద్వారం వద్ద 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్ల బోర్డు ఉండాలి. లోపల యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు ఉంచరాదు. తప్పు చేసినవానికి 200 రూపాయల వరకు జుల్మానా. అన్నిటికన్న పదునైన నిబంధన మరొకటి: ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ వ్యక్తి పేరు అందరికీ కనిపించేలా వ్రాసి ఉంచాలి. దేశపు పొగాకు వాణిజ్యానికి పెద్ద దిక్కయిన గుంటూరు పొగాకు బోర్డు కార్యాలయంలో సైతం, ఈ నిబంధనల ప్రకారం, చుట్ట ముట్టించరాదు! ముప్ఫై గదులకు తగ్గని హోటళ్లకు, ముప్ఫై మందికి తగ్గకుండా కూర్చొనగల భోజనశాలలకు మాత్రం ప్రత్యేక ధూమపాన స్థలం అనుమతించారు. అక్కడ పళ్లేలు తీసే కుర్రవాని ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవా అన్నది నా సందేహం.

ఇంతకూ ఫలితమేమిటి? దేశవ్యాప్తంగా 2009-10లోను, తిరిగి 2016-17లోను జరిగిన వయోజన పొగాకు సర్వేలను పక్కపక్కన పెట్టి చూడండి. పొగతాగేవారు నూటికి 14 నుండి 10.7కు తగ్గారు. ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవారు 52.3 నుండి 38.7కు దిగారు. నాలుగు గోడల మధ్య పని చేస్తూ అక్కడ పొగ పీల్చేవారు మాత్రం 29.9 నుండి 30.2! చట్టం అడుగుపెట్టని ఇల్లు బాగుపడగా, చట్టం బోర్డు కట్టిన కార్యాలయం కదలలేదు. నాకు తోచే కారణం ఒక్కటే. ఇంట్లో కూతురు ‘బయటికి వెళ్లి తాగు నాన్నా’ అనగలదు. ఆఫీసులో ఆ మాట అనవలసినవాని జీతం, బదిలీ, సెలవు చీటీ అన్నీ ఆ సిగరెట్టు పట్టిన చేతిలోనే ఉంటాయి.

సుఖ్నా సరస్సు వైపు వెళ్లబోయే ముందు, 17వ సెక్టారులో ఒక కార్యాలయం గుమ్మం వద్ద ఆగి బోర్డు చదివాను. ఫిర్యాదు స్వీకరించే అధికారి పేరు ఎండకు వెలసి, సగం చెరిగిపోయి ఉన్నది. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలి బంట్రోతును నా వచ్చీరాని హిందీలో ఆ అధికారిని గురించి అడిగాను.

“ఆ సాహెబు బదిలీ అయి చాలా కాలమైంది,” అన్నాడతడు.

“మరి లోపల ఎవరైనా సిగరెట్టు కాలిస్తే?”

అతడు నన్ను ఎగాదిగా చూచి, నా చొక్కా జేబు మీద దృష్టి నిలిపాడు. “మీ దగ్గర ఉంటే ఇక్కడ నాకిచ్చి వెళ్లండి,” అని చేయి చాచాడు.