కూలివానిగా పెట్టుకొమ్మన్న మాట

"ప్రేమ, దయ, క్షమ అన్ని మతాలలోనూ ఉన్నవే కదా! మీ క్రైస్తవంలో ప్రత్యేకత ఏమిటి?" అని ఒక హిందూ మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సిద్ధాంతాలతో బదులు చెప్పే శక్తి నాకు లేదు గనుక తప్పిపోయిన కుమారుని ఉపమానాన్నే ఆశ్రయిస్తున్నాను. నాలుగు సువార్తలలో దీనిని వ్రాసినది లూకా ఒక్కడే, 15వ అధ్యాయంలో.

కథ మీకు తెలిసినదే. తండ్రి బ్రతికి ఉండగానే చిన్నకొడుకు ఆస్తిలో పాలు పుచ్చుకొని దూరదేశం పోయాడు, అంతా పాడుచేశాడు, కరవులో పందులు మేపాడు. తిరిగి వస్తూ ఏమి చెప్పాలో వల్లె వేసుకున్నాడు. పాపం ఒప్పుకోవాలి, కొడుకునన్న హక్కు వదులుకోవాలి, కూలివానిగా పెట్టుకొమ్మని అడగాలి. ఇంటి దగ్గర మొదటి రెండు మాటలూ అన్నాడు. మూడవది మన తెలుగు బైబిలులో అతని నోట రాదు. అంతలోనే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులకు చెప్పేశాడు.

బౌద్ధుల సద్ధర్మపుండరీక సూత్రంలోనూ ఇటువంటి కథ ఉంది. అక్కడ కొడుకు తండ్రిని గుర్తుపట్టలేక బెదిరిపోతాడు. తండ్రి అతనిచేత ఇరవై ఏళ్ళు పెంట ఎత్తించి, క్రమంగా చేరదీసి, మరణం సమీపించినప్పుడు తన కొడుకని చాటుతాడు. అదీ కరుణే, దానిని తక్కువ చేయను. కొడుకు మనసు ఎదిగేదాకా వేచి ఉన్న కరుణ అది. లూకా కథలో కొడుకు కోరదలచినది సరిగ్గా ఆ కూలితనమే. తండ్రి దానికి తావివ్వలేదు. మేము కృప అనేది దీనినే. ముందు కొడుకు, పని తరువాత. ('రక్షణ' అంటే బయటివారికి సైన్యం గుర్తుకు వస్తుంది. ఈ కథలో ఆ మాటే లేదు, ముసలితండ్రి పరుగు ఉంది.)

నన్ను కలతపెట్టేవాడు పెద్దకొడుకు. మా ఇంటికి పెద్దవాణ్ణి నేను. ఎనిమిదేళ్ళు కనబడకుండా పోయిన తమ్ముని అప్పులు తీర్చినది నేను. అతడు వచ్చిన రాత్రి అమ్మ ఒక్క ప్రశ్నైనా అడగక అన్నం వడ్డించింది. అది నాకు నేటికీ అన్యాయంగానే తోస్తుంది. కృప మధురమని పాడుకుంటాము గాని, లెక్కలు వ్రాసుకొన్నవానికి అది చేదుగా కూడా ఉంటుంది.

ఆ తండ్రి పెద్దవాని కోసం సైతం విందు విడిచి వెలుపలికి వచ్చి బతిమాలుకొన్నాడు. పాపులతో భోజనం చేస్తున్నాడని సణిగిన పరిసయ్యులకు, శాస్త్రులకు యేసు చెప్పిన కథ ఇది. పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడో లేదో ఆయన చెప్పలేదు.