చివరి కంచం



భోజనానికి ముందు మనం తలవంచి కృతజ్ఞతలు చెబుతాం. ఆ తర్వాత కంచంలో ఏముందో చూస్తున్నామా? మన పల్లెల్లో భోజనమంటే అన్నమే. కడుపు నిండితే చాలనుకుంటాం. కానీ కడుపు నిండడం వేరు, ఒంటికి బలం పట్టడం వేరు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 30 గ్రాముల బియ్యంలో సుమారు 100 కేలరీలు ఉంటాయి. 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు అంతే. అయితే మాంసకృత్తులు బియ్యంలో 2 గ్రాముల పైచిలుకు, పప్పులో 6 గ్రాములకు పైనే. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది.

అలాగని మంచివన్నీ అన్నం మీద అదనంగా తినమని కాదు. గుప్పెడు వేరుశనగ గింజల్లోనే 160 దాకా కేలరీలున్నాయి. రోజంతా నాట్లు వేసేవారికి అవి ఖర్చవుతాయి, కూర్చుని పనిచేసేవారికి కొవ్వుగా మిగులుతాయి. కాబట్టి చేర్చడం కాదు, మార్చడం నేర్చుకుందాం. ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె చిక్కటి పప్పు వేసుకుందాం.

ఈ మార్పు ముందుగా ఎవరి కంచంలో రావాలి? అందరికీ వడ్డించి చివర తినే తల్లి కంచంలో. అప్పటికి పప్పు అయిపోతుంది, గుడ్డు పిల్లలకు వెళ్తుంది. ఆమెకు మిగిలేది అన్నం, పచ్చడి, నాలుగు చుక్కల చారు. కేలరీలకు కొరత లేదు, బలానికే కొరత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది.

కళ్ళు తిరుగుతున్నాయి, ప్రార్థన చేయండని మన సంఘంలో ఎందరో అక్కలు అడుగుతుంటారు. తప్పక ప్రార్థిద్దాం. ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిద్దాం. దానితో పాటు పప్పు గిన్నె కూడా చూద్దాం.

మగవారికి, పిల్లలకు ఒక మనవి. మొదటి కంచం వడ్డించక ముందే అమ్మ వాటా పప్పు, ఆకుకూర, గుడ్డు వేరే గిన్నెలో తీసిపెట్టండి. పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు, కాసేపు ఆగాలి.

వీలైతే ఈ రాత్రి నుండే అందరం కలిసి కూర్చుని తిందాం. మీ ఇంటి భోజనం అందరికీ దీవెనగా ఉండును గాక.