అలెప్పీలో తెడ్డు మన చేతికే!

సినిమాల్లో హీరో హీరోయిన్లు పడవలో పాట పాడుకుంటుంటే తెడ్డు వేసేవాడు ఫ్రేములోకే రాడు. అలెప్పీలో ఆ తెడ్డు మన చేతికే ఇస్తారు! అదేనండీ, 2010లో వచ్చిన ‘ఏ మాయ చేసావె’లో జెస్సీ కోసం కార్తీక్ వెతుక్కుంటూ వెళ్ళిన ఊరు.

వెంబనాడు సరస్సు పొడవు సుమారు 96 కిలోమీటర్లు. కొత్తవాళ్ళు దాని నడిమికి పోకండి. పొద్దెక్కితే గాలి లేస్తుంది, పైగా హౌస్‌బోట్లు రేపే అలలు. కైనకరి వైపు పిల్లకాలువలే మేలు, అదీ తెల్లవారగానే.

నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ బిగించాకే కయాక్‌లో కూర్చున్నాను. నీళ్ళు బెత్తెడు దూరంలో! తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. భుజాలతో గుంజితే పది నిమిషాల్లో అలిసిపోతాం, నడుము తిప్పి లాగాలి. పెద్ద పడవ వస్తే మన పడవ ముక్కుని అలకి ఎదురుగా తిప్పాలి. అల పక్కనుంచి తగిలిందా, బోల్తాయే! గుర్రపుడెక్క కనిపిస్తే తప్పుకోవడమే.

గట్టు మీదుగా తొంగిచూస్తే విచిత్రం... వరిపొలం మనకన్నా కిందుంది! కుట్టనాడులో సముద్రమట్టానికి దిగువనే సేద్యం మరి. అన్నట్టు, కాలువ మెట్ల మీద అంట్లు తోముకునేవాళ్ళు షూటింగుకి వచ్చిన వాళ్ళు కారు. కెమెరా దించండి.

1952లో నెహ్రూ పడవపందెం చూసింది ఇక్కడే. ఒక్కో పాముపడవకి దాదాపు వందమంది! నేను ఒక్కణ్ణీ గంటసేపు తెడ్డేసి రెండు మలుపులు దాటాను.