పాలవెల్లి అటు రాదు నాయనా

మా జేజికి 78 ఏళ్లు. ఇన్‌స్టాగ్రామ్ అంటే ఏంటో తెలీదు. అయినా నా ఫొటోకి వచ్చిన పన్నెండు వేల లైకుల్ని ఒక్క మాటతో కొట్టిపారేసింది.

ఉగాది రోజు పొద్దున. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో, అరుగు మీద కూర్చుని పచ్చడి తింటున్నాం. నాన్న తన ఫోన్‌లో నా ఫొటో తీసి, గొప్పగా జేజి చేతిలో పెట్టాడు. అంతకు ఆరు నెలల ముందే జేజి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ ఆమెకి ఏది చూసినా సంబరమే. ఫోన్ని దగ్గరగా పెట్టుకుంది, మళ్లీ దూరంగా పట్టుకుంది.

“ఇది మనిల్లే గదా?”

“మనిల్లే జేజీ.”

“పైన కనబడేది పాలవెల్లి గదా?”

“అవును.” నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నా.

“మరి ఇంటెనకాల ఎట్లొచ్చె? పాలవెల్లి అటు రాదు నాయనా.”

నా చేతిలో పచ్చడి అలాగే ఉండిపోయింది. ఎందుకంటే జేజి చెప్పింది నిజం. ఆ ఫొటో అబద్ధం.

మొదట్నుంచి చెబుతా. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొన్నా. 24 మెగాపిక్సెల్స్, ఏపీఎస్-సీ సెన్సర్, దానికో 16 ఎంఎం ఎఫ్ 1.4 లెన్స్. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్‌కి ముందు ఒక అద్దం ఉంటుంది. వెలుగుని అది పైకి మళ్లిస్తే మనం చిన్న కిటికీలోంచి చూస్తాం. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. సెన్సర్ ఏం చూస్తోందో స్క్రీన్ మీద అదే కనిపిస్తుంది. ఆకాశం తీసేవాళ్లకి ఇది పెద్ద సుఖం. ఒక పెద్ద చుక్కని వెతికి, స్క్రీన్ మీద జూమ్ చేసి, అది సూది మొనంత అయ్యేదాకా చేత్తో ఫోకస్ రింగ్ తిప్పుకోవచ్చు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నా గానీ, మొదటిసారి గండికోట వెళ్లినప్పుడు నాకేమీ తెలీదు. ఆటో ఫోకస్ చీకట్లో అటూ ఇటూ తడుముకుని చేతులెత్తేసింది. పోనీ అని చేత్తో ఫోకస్ చేశా. మధ్యలో బ్యాటరీ మార్చడానికి కెమెరా ఆపి, మళ్లీ ఆన్ చేశా. మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగ్ నేరుగా గాజుకి తగిలి ఉండదు, మోటార్‌కి సిగ్నల్ ఇస్తుందంతే. ఆపి ఆన్ చేస్తే ఫోకస్ పాత చోటనే ఉంటుందన్న నమ్మకం లేదు. నేను మళ్లీ చూసుకోలేదు. మూడు గంటలు కష్టపడి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే చుక్కలన్నీ బూందీ గింజల్లా ఉన్నాయి.

తర్వాత మెల్లగా నేర్చుకున్నా. భూమి తిరుగుతుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. దీనికి ‘500 రూల్’ అని ఒక పాత లెక్క ఉంది. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఏపీఎస్-సీ అయితే ముందు ఫోకల్ లెంగ్త్‌ని ఒకటిన్నరతో గుణించాలి. నా లెన్స్‌కి దాదాపు 20 సెకన్లు వస్తుంది. కానీ ఇప్పటి సెన్సర్లు సన్నటి గీతని కూడా పట్టేస్తాయి. అందుకే నేను 13 సెకన్ల దగ్గరే ఆగుతా. ఐఎస్‌ఓ 3200, ఫైల్ రా ఫార్మాట్‌లో, లెన్స్ ఎఫ్ 2 దగ్గర, రెండు సెకన్ల టైమర్. వేలితో నొక్కితే ట్రైపాడ్ కదులుతుంది, టైమర్ అందుకే.

మరుసటి మే నెల అమావాస్యకి మళ్లీ గండికోట వెళ్లా. ఈసారి పాలపుంత దొరికింది. దక్షిణాన, మబ్బులాగా, మధ్యలో నల్లటి చారలతో. మనకి కనిపించే ఆ లావు భాగం మన గెలాక్సీ నడిబొడ్డు వైపు ఉంటుంది. ఆ నడిబొడ్డు దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరం. స్క్రీన్ మీద అది మెల్లగా తేలినప్పుడు ఒక్కణ్నే గట్టిగా అరిచా.

ఇక మా ఇల్లు. మట్టి మిద్దె, దక్షిణం వాకిలి. దక్షిణం వాకిలి కలిసిరాదని ఊరంతా అన్నా జేజినాయన వినలేదట. ఆ ఇంట్లోనే నాన్న, చిన్నాన్న, ఇద్దరు అత్తలు పుట్టారు. ఇప్పుడు మిద్దె కారుతోంది. ఈ ఎండాకాలం దాటేలోపు పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాలని పెద్దవాళ్లు నిర్ణయించారు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇంటిని ఎదురుగా నిలబడి, మసక చీకట్లో ఫొటో తీశా. వాకిట్లో ముగ్గు, గొబ్బెమ్మలు, గుమ్మం పక్కన దీపం.

హైదరాబాద్ వచ్చాక ఒక రాత్రి ఆ ఇంటి ఫొటో తీసుకుని, పైన ఉన్న మామూలు ఆకాశం తీసేసి, గండికోట పాలపుంత అతికించా. గంట పని. అద్భుతంగా వచ్చింది. ‘మా ఊరి ఇంటి మీద పాలపుంత’ అని పోస్ట్ చేశా. పొద్దునకల్లా ఫోన్ మోగుతూనే ఉంది. క్యాలెండర్ వేసే ఒకాయన మెసేజ్ పెట్టి, ఆ ఫొటోకి పదిహేను వేలు ఇస్తానన్నాడు. ఎడిట్ అని ఒక్కరు కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు.

జేజి అడిగింది.

ఆ ఉగాది రాత్రి నిద్ర పట్టక స్టెల్లేరియం ఆప్ తెరిచా. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ దిక్కున ఏ చుక్క ఉంటుందో చూపించే ఆప్ అది. మా ఆఫీసులో ఎవరైనా బగ్ ఉందంటే ముందు “నా మెషీన్‌లో బాగానే ఉందే” అంటాం. జేజి చెప్పిన బగ్‌ని కూడా అలాగే కొట్టేద్దామని చూశా. కుదర్లేదు.

దక్షిణం వాకిలి ఇంటిని ఎదురుగా తీస్తే కెమెరా చూసేది ఉత్తరం. మా ఊళ్లో ఉత్తరాన, నేలకి 15 డిగ్రీల ఎత్తులో ధ్రువ నక్షత్రం ఉంటుంది. పాలపుంత లావు భాగమేమో దక్షిణాన, ఎంత పైకొచ్చినా 46 డిగ్రీలు. ఆ ఇంటి మిద్దె మీద అది కనపడాలంటే భూమిని తిప్పి పెట్టాలి. అది చాలదన్నట్టు ఇంకో బగ్. వాకిట్లో గొబ్బెమ్మలున్నాయి. అంటే జనవరి. అప్పుడు సూర్యుడు ఆకాశంలో ఆ వైపే ఉంటాడు. పాలపుంత నడిబొడ్డు తెల్లారే ముందు తొంగి చూసి, వెలుగులో కలిసిపోతుంది. దిక్కు తప్పు, నెల తప్పు. పన్నెండు వేల మందికి కనబడని తప్పు, ఒక్క కంటికి ఆపరేషన్ అయిన మనిషికి కనబడింది.

పొద్దున అడిగా, “నీకెట్లా తెలుసు జేజీ?”

“ఏంది తెలిసేది? యాభై ఏండ్లు వాకిట్లో మంచమేసుకుని పండుకున్నా. కాళ్లకాడ పాలవెల్లి, తలాపున ధ్రువుడు.”

వాకిట్లో మంచం మీద తల ఇంటివైపు పెట్టుకుంటే కాళ్లు దక్షిణానికి. అంత సులువు. బావి మీద కపిల తోలే రోజుల్లో జేజినాయన లేవాల్సిన వేళ ఆమే చూసేదట, గడియారం లేకుండా. కార్తీకంలో నడిరేయికి పిల్లలకోడి నెత్తి మీదికొస్తుంది. ఎండాకాలంలో తేలు దక్షిణానికి దిగుతుంది. మనం కృత్తికలనీ వృశ్చికమనీ పుస్తకంలో చదువుకున్నవి ఆమెకి ఇంట్లో అలారాలు.

హైదరాబాద్ వచ్చి క్యాలెండర్ ఆయనకి నిజం చెప్పేశా. రెండు ఫొటోలు కలిపానని, ఆకాశం ఆ దిక్కున అలా ఉండదని. ఆయన నవ్వాడు. “అయినా ఫర్వాలేదండీ, చూడ్డానికి బాగుంది కదా!” అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పదిహేను వేలతో మంచి ట్రైపాడ్ వచ్చేది. రెండు రోజులు ఆలోచించా. ఇంకో నాలుగు నెలల్లో ఆ ఇల్లుండదు. తర్వాత ఎవరు చూసినా ఆ ఇంటికి మిగిలేది ఆ ఫొటోనే. అందులో ఆకాశం వేరే ఊరిది. ఇవ్వనని చెప్పి, పోస్ట్ తీసేశా.

ఏప్రిల్ అమావాస్యకి సెలవు పెట్టి ఊరెళ్లా. పాలవెల్లితో పాటు ఇల్లు పడాలంటే దారి ఒక్కటే. ఇంటి వెనకాల, దొడ్లో నిలబడి దక్షిణానికి చూడాలి. ఎదురుగా ఉన్న అందమంతా పోయింది. ముగ్గు లేదు, గుమ్మం లేదు. పెచ్చులూడిన గోడ, బట్టల దండెం, నీళ్ల తొట్టి, సగం కూలిన గడ్డివామి. ఎవరూ ఫొటో తీయని వైపు.

ఇంకో చిక్కు వీధి లైటు. ఇంటి ముందు పంచాయతీ వాళ్లు వేసిన తెల్లటి ఎల్‌ఈడీ. తెల్ల ఎల్‌ఈడీలో నీలం కాంతి ఎక్కువ, అది గాలిలో ఎక్కువ చెదురుతుంది, ఆకాశాన్ని పలచన చేస్తుంది. చిన్నాన్న లైట్లు చూసే అతన్ని బతిమాలి, తెల్లవారుజామున మూడున్నర నుంచి నాలుగున్నర దాకా మా వీధి లైట్లు ఆపించాడు. ఆగిన ఐదు నిమిషాలకే పక్కింటి పెద్దాయన టార్చితో బయటికొచ్చి, “ఏందబ్బా, కరెంటు పోయిందా?” అన్నాడు. “టార్చి ఆర్పు మామా, పైకి చూడు” అన్నాడు చిన్నాన్న. పెద్దాయన లైటు ఆర్పి, మా గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు.

జేజి నులక మంచం దొడ్లోకి తెప్పించుకుంది. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నేను ఎర్ర లైటు వాడతా. జేజికి అదీ అక్కర్లేకపోయింది.

నాలుగుకి పది నిమిషాలు తక్కువ. పాలవెల్లి సరిగ్గా దక్షిణాన, మా మిద్దె మీద. తేలు దానికి కుడిపక్కన. కెమెరాని నిలువుగా బిగించి, 13 సెకన్ల చొప్పున 16 ఫొటోలు తీశా. చుక్క ప్రతి ఫొటోలో ఉంటుంది, నాయిస్ మాత్రం ప్రతిసారీ చోటు మారుస్తుంది. 16 ఫొటోల సగటు తీస్తే నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంటి కోసం అదే చోటునుంచి, ట్రైపాడ్ కదపకుండా, రెండు నిమిషాల ఫొటో ఇంకొకటి. వంటింటి వెనక కిటికీలో అమ్మ చిన్న దీపం పెట్టింది.

కెమెరా వెనక స్క్రీన్ జేజికి చూపించా. చాలాసేపు చూసింది. మళ్లీ పైకి చూసింది.

“ఇంత రంగు లేదే పైన?”

ఈసారి నా దగ్గర జవాబు ఉంది. చీకట్లో మన కళ్లు రంగులు సరిగ్గా పట్టలేవు, అందుకే పాలవెల్లి బూడిద రంగులో కనిపిస్తుంది. కెమెరా 13 సెకన్ల పాటు రెప్ప వేయకుండా చూస్తుంది, వచ్చిన వెలుగంతా కూడబెడుతుంది. “ఉన్న రంగే జేజీ. నేను వేసింది కాదు.”

“అట్లైతే సరే.”

ఎడిట్ చేశానా అంటే చేశా. చుక్కలు వరస కలిపా, నలుపు కాస్త పెంచా, ఇంటి ఫొటో కింద జోడించా. కానీ అదే రాత్రి, అదే చోటు, అదే దిక్కు. ఇవన్నీ కింద రాసి పోస్ట్ చేశా. కళ్లకి అందనిది కెమెరా చూపించడం వేరు, అక్కడ లేనిది నేను చూపించడం వేరు. ఈ తేడా నాకు ఏ యూట్యూబ్ ట్యుటోరియల్ చెప్పలేదు.

ఈ ఫొటోకి వచ్చిన లైకులు 340. క్యాలెండర్ ఆయన మళ్లీ మెసేజ్ పెట్టలేదు.

జూన్‌లో ఇల్లు పడగొట్టారు. కొత్తింట్లో చేరిన రోజు ఆ ఫొటో ఫ్రేము కట్టించి తీసుకెళ్లా. టీవీ పైన పెడదామని నాన్న మేకు కొట్టబోతుంటే జేజి ఆపింది. అది తూర్పు గోడ.

“దచ్చినం గోడకు పెట్టండి. అటే గదా ఉండేది.”

ఆ గోడకి అప్పటికే జేజినాయన ఫొటో ఉంది. దాని పక్కన పెట్టాం.