నాన్నగారి కారు

ఆస్తిని పంచుకోవడం తేలిక. బాధ్యతను పంచుకోవడం కష్టం. పొలానికి గట్లు ఉంటాయి, ఇంటికి గదులు ఉంటాయి. కొలిచి, లెక్కగట్టి, కాగితం మీద వ్రాసుకుంటే పంపకం ముగుస్తుంది. కానీ కొన్ని వస్తువులను ముక్కలు చేయలేము. ఎవరో ఒకరు వాటిని తలకెత్తుకోవలసిందే. మా కుటుంబంలో అటువంటి వస్తువు 1972 నాటి అంబాసిడర్ మార్క్-2 కారు. 2022లో నాన్నగారు స్వర్గస్థులైన తరువాత అది నా వంతుకు వచ్చింది. నా వంతుకు వచ్చింది అనడం కంటె, నేనే దాని వంతుకు వెళ్లాను అనడం సమంజసం.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను ఆధారం చేసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరి నుంచి 2014 వరకు అంబాసిడర్ కార్లను తయారు చేసింది. మంత్రులు ఎక్కిన బండి అదే, పెండ్లికొడుకులు ఎక్కిన బండీ అదే. మా తెనాలి వీధిలో ఎవరికి పురిటినొప్పులు వచ్చినా నడిరాత్రి మా తలుపే తట్టేవారు. నాన్నగారు చొక్కా తొడుక్కుంటూనే తాళంచెవి అందుకొనేవారు.

అయితే మా కారుకు ఒక విశేషం ఉంది. పుట్టుకతో వచ్చిన దాని ఇంజిను సామర్థ్యం 1489 సి.సి.; బలం సుమారు 50 అశ్వశక్తి. నిండుగా మనుషులతో వంతెన ఎక్కేటప్పుడు అది ఆయాసపడేది. 1990లలో అదే సంస్థ జపానుకు చెందిన ఇసుజు ఇంజినును, అయిదు గేర్ల పెట్టెను అంబాసిడర్‌లో అమర్చసాగింది. 1998లో నాన్నగారు అటువంటి ఇంజినును సంపాదించి, విజయవాడ ఆటోనగర్‌లో మా పాత బండికి బిగింపజేశారు. ఆటోనగర్ అంటే బారులు తీరిన మెకానిక్ షెడ్లు, లేతు మిషన్లు, రేకుల మీద సుత్తి దెబ్బల మోత. అక్కడ ఇంజిను కూర్చునే చోటును కోసి, అతికి, సరిచేశారు. స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీ పోయి, నేల మీది గేరు వచ్చింది. రవాణా శాఖ అనుమతితో కొత్త ఇంజిను నంబరు రిజిస్ట్రేషను పత్రంలోకి ఎక్కింది. వీటన్నిటికీ ముందు నాన్నగారు బ్రేకులను బాగుచేయించారు. “పరుగు పెంచదలచినవాడు ముందు ఆగడం సంగతి చూసుకోవాలి” అని ఆయన మేస్త్రితో అన్న మాట నాకు నేటికీ జ్ఞాపకమే.

అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు ఒకసారి సెలవులకు వచ్చి, బానెట్టు ఎత్తి చూసి, “మామయ్యా, తాతయ్య చేసింది హాట్ రాడ్!” అని ఆశ్చర్యపోయాడు. 1930లు, 40లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చౌకగా కొనేవారట. వాటి మడ్‌గార్డులు, పైకప్పులు తీసి బరువు తగ్గించి, ఇంజిన్ల బలం పెంచి, ఎండిన సరస్సుల మైదానాలలో పరుగెత్తించేవారట. వాళ్లకు పందెం ముఖ్యం. మా నాన్నగారికి వంతెన ఎక్కడం ముఖ్యం. ప్రయోజనం వేరైనా, యంత్రాన్ని తన అవసరానికి మలుచుకోగలనన్న ధైర్యం ఒక్కటే.

నాన్నగారి అస్వస్థత వలన కారు మూడేళ్లు షెడ్డులోనే నిలిచిపోయింది. నడిచే బండి కంటె నిలిచిన బండికే జబ్బులు ఎక్కువ. బ్యాటరీ చచ్చిపోయింది. తేమ పీల్చుకున్న బ్రేకు ఆయిలు వల్ల చక్రాలు పట్టేశాయి. కార్బురేటరులో పెట్రోలు జిగురుగా మారింది. ఎలుకలు వైర్లను కొరికాయి. కాళ్ల కింది రేకు తుప్పు పట్టి, వేలితో నొక్కితే రాలిపోయింది. పైపైన లప్పం పెట్టి రంగు వేస్తే కంటికి బాగుంటుంది కానీ, లోపలి తుప్పు ఆగదు. కనుక పాత రేకు కోయించి, కొత్త రేకు అతికించాను. నేడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. అందుచేత వాటినీ మార్పించాను.

ఆ పనులు సాగుతుండగానే అసలు సమస్య ఎదురైంది. పాత కార్లపై మక్కువగల మిత్రుడొకరు ఒక సలహా ఇచ్చారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఇంజినులోగాని బాడీలోగాని పెద్ద మార్పులు లేకుండా తొలి రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. పాత ఇంజిను మా షెడ్డు మూలలో టార్పాలిన్ కింద భద్రంగానే ఉంది. దానిని తిరిగి బిగిస్తే ఆ గౌరవానికి ప్రయత్నించవచ్చు. బండి విలువా పెరుగుతుంది. తమ్ముడు కూడా అందుకే మొగ్గాడు. “పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంచడమే దానికి మర్యాద అన్నయ్యా” అన్నాడు. ఆ మాటను తోసిపుచ్చలేకపోయాను.

అంతవరకు మౌనంగా వింటున్న అమ్మ అప్పుడు అన్నది: “ఒరేయ్ నాయనా, ఆయన చేసిన పనిని ఊడదీసి, దాన్ని ఆయన గుర్తు అంటారా?”

ఆ ప్రశ్నకు మా ఇద్దరి వద్దా జవాబు లేదు. ఉత్తర్‌పారాలో తయారైనవి లక్షల అంబాసిడర్లు. వాటిలో నాన్నగారి ఆలోచన, ఆటోనగర్ మేస్త్రి నేర్పు కలిసి తయారైనది ఇదొక్కటే. కర్మాగారం ఇచ్చిన రూపం దాని పుట్టుక మాత్రమే. మా కుటుంబంతో గడిపిన ఏళ్లు దాని జీవితం. మనిషిని గౌరవించడమంటే అతనిని ఉయ్యాలలోకి తీసుకుపోవడం కాదు కదా! ఇసుజు ఇంజినునే ఉంచాలని నిశ్చయించుకున్నాము. పాత ఇంజినును ఆయిలు పూసి దాచాను. అది చరిత్ర, దానినీ పారవేయరాదు.

ఇందువలన మేము కోల్పోయినదీ లేకపోలేదు. వింటేజ్ హోదా రాదు. అయిదేళ్లకొకసారి ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. విడిభాగాల కోసం అంగళ్లు గాలించాలి. దొరకనివి లేతు మీద చేయించాలి. నెలలు గడిచేకొద్దీ ఈ శ్రమలోనే నాకు నాన్నగారు ఎక్కువగా అర్థమవుతున్నారు. ఆయన నిశ్శబ్దంగా చేసిన పనుల బరువు, అవి నా చేతికి వచ్చిన తరువాతనే తెలిసింది.

ఇంజినీరింగు చదువుతున్న మా అమ్మాయి మొన్న, “నాన్నా, ఎప్పటికైనా దీనికి ఎలక్ట్రిక్ మోటారు పెట్టవచ్చా?” అని అడిగింది. నాకు కోపం రాలేదు. “అవసరమై, చట్టం ఒప్పుకొంటే పెట్టు. అయితే ముందు బ్రేకుల సంగతి చూడు” అన్నాను. పెద్దలు అప్పగించిన దానిని కదలకుండా ఉంచడం కాపలా అవుతుంది. దాని స్వభావం ఎరిగి, అవసరమైనంతే మార్చి, నడుస్తూ ఉండేటట్లు తరువాతి తరానికి అందించడమే సంరక్షణ.