సాక్షి వలస పోతే

అనంతపురం కోర్టులో ఆ హాలు తలుపు మూసే ఉంది. అత్యాచారం కేసు విచారణ పదిమంది ముందు సాగకూడదన్నది చట్టం. నేనూ వరండాలోనే ఆగాను. వాయిదా పడ్డాక బయటికొచ్చిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుంది. నేరం రుజువు కావాలంటే ఏం కావాలని అడిగాను.

"బాధితురాలి మాట నమ్మేటట్టుంటే అదొక్కటే చాలక్కా" అంది.

1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. తోడు సాక్ష్యం లేకున్నా శిక్ష వేయొచ్చు. గాయాల్లేవన్న సాకు చెల్లదు. బాధితురాలికి రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టరు దుష్ప్రవర్తనకు దోషి అవుతాడని 2022లో అదే కోర్టు తేల్చింది. మరి కేసులెందుకు వీగిపోతున్నాయి?

"72 గంటలు దాటితే ఒంటిమీద ఆనవాళ్లు దొరికేది కష్టం. మా ఊర్లల్లో పెద్దమనుషుల పంచాయితీకే మూడు దినాలు పోతాయి. స్టేషనుకొచ్చేసరికి తలస్నానం అయిపోయుంటుంది, బట్టలు ఉతికేసుంటారు."

దొరికిన బట్టలనైనా నీడన ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే బూజుపట్టి పాడవుతాయి. ఆ కవరు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో రాయకపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి లాయరు పట్టుకునేది అక్కడే.

దర్యాప్తు చెడితే ఏమవుతుందో వాకపల్లి చెప్తుంది. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని ఆ ఊరి ఆదివాసీ స్త్రీలు 11 మంది గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారమూ ఇవ్వమంది. వాళ్లకు అన్యాయం జరగలేదనుకుంటే పరిహారం ఎందుకు? జరిగితే దోషులెవరు? పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు జవాబు రాలేదు. నాకిది మింగుడుపడదు.

అనంతపురానికి ఇంకో కష్టముంది. శెనక్కాయ ఎండిన ఏడాది పల్లెలు పనికోసం బెంగుళూరుకు, కేరళకు పోతాయి. వాటితోపాటే సాక్షులూ పోతారు. ఇంటికాడ ముసలివాళ్లే ఉంటారు, సమన్లు తిరిగొస్తాయి. పిల్లల కేసుల్లో బిడ్డ సాక్ష్యం 30 రోజుల్లో తీసుకోవాలని, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలని 2012 పోక్సో చట్టం చెప్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ అవతలివాళ్లు రాజీకి దిగుతారు, సాక్షి మాట మార్చి హోస్టయిల్ అవుతాడు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలమున్నా, బోనులో మళ్లీ చెప్పకపోతే అదొక్కటే శిక్షకు సరిపోదు. కోర్టుకొచ్చిన రోజు కూలి పోకుండా సాక్షి భత్యం అక్కడికక్కడే చేతిలో పెట్టాలి. ఇది దానధర్మం కాదు, కేసు నిలబెట్టే పని.

పీపీ తన డైరీ తెరిచి చూపించింది. బెంగుళూరు మేస్త్రీల ఫోన్ నంబర్లు వరుసగా రాసున్నాయి.

"సమన్లు పంపినాక నేనే ఫోన్ చేస్తా. ఏం కేసో చెప్పను. కోర్టు పనుంది, ఒక దినం పంపించన్నా అంటా."