కొండ దిగాక... ఒక్కరోజు ఆగండి!

తిరుపతిలో హోటల్ గదంటే మనకు సామాను పెట్టుకునే చోటు. స్నానం, కాసేపు కునుకు... అంతే. మా నాన్న ముప్ఫై ఏళ్లుగా ఏటా వస్తున్నారు. తిరుమల మాడవీధులు ఆయనకు కొట్టినపిండి. తిరుపతి మాత్రం రైల్వేస్టేషన్ నుంచి బస్టాండు వరకే తెలుసు! ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇంకెన్నిసార్లు రాగలరో! అందుకే ఈసారి కొండ దిగగానే రైలెక్కకుండా ఓ రోజు ఆగిపోయాం.

స్టేషన్ దగ్గర ఓ మధ్యతరగతి హోటల్. రెండు మంచాలు, వేడినీళ్లు, లిఫ్టు. కౌంటర్లో ముందే ఒక మాట అడగండి... గది అద్దె ఇరవైనాలుగు గంటల లెక్కనా, లేక ఫలానా వేళకు ఖాళీ చేయాలా అని. తెల్లవారుజామున దిగేవాళ్లకు మొదటిదే లాభం.

పొద్దున్నే ఇడ్లీ తిని నడక మొదలుపెట్టాం. కూతవేటు దూరంలో గోవిందరాజస్వామి గుడి. స్వామిని 1130లో రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని ఆలయ చరిత్ర. ఈ గుడి చుట్టూ వెలసిన వీధులే పెరిగి పెరిగి నేటి తిరుపతి అయ్యాయి. ఏడంతస్తుల రాజగోపురం మట్లి అనంతరాజు కట్టించింది. 'దీన్ని రైల్లోంచే చూసేవాణ్ని' అన్నారు నాన్న, తల పైకెత్తి.

అక్కణ్నుంచి బస్సులో చంద్రగిరి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. ఆంగ్లేయులు 1639లో చెన్నపట్నంలో కోటకు స్థలం సంపాదించింది ఈ రాజుల ఏలుబడిలోనే. మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. ఇప్పుడది మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం ఎండకు మళ్లీ గదికే. ఊరి నడుమ గది తీసుకున్నందుకు అసలు ఫలితం అదే. పెద్దవాళ్లు రెండు గంటలు పడుకుని లేస్తే సాయంత్రం మళ్లీ హుషారు! ఆటోలో కపిలతీర్థం వెళ్లాం. కొండ అంచునే శివాలయం, ముందు కోనేరు. వానలు బాగా పడితే పైనుంచి జలపాతం దూకుతుంది. మేం వెళ్లినప్పుడు సన్నటి ధారే. నాన్న మెట్లమీద కూర్చుని చీకటిపడేదాకా లేవలేదు.

రాత్రి గది ఖాళీ చేస్తుంటే ఆయనే అన్నారు... 'వచ్చే ఏడు దర్శనం టికెట్టు దొరక్కపోయినా సరే, గది మాత్రం తీసుకోరా!'